పొరుగువాని చెట్టు మీద పడిన మందు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 22:5–6, లూకా 13:6–9



మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో కాపునకు వచ్చిన చెట్టు ఇంటి మనిషి వంటిది. ఉద్దానములో కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు పోయి చూచినయెడల కొబ్బరి, పనస, జీడి చెట్ల నీడలోనే ఊళ్లున్నవి. పలాస జీడిపప్పు దేశమంతటికి తెలిసినదే. విజయనగరము, బొబ్బిలి వైపు గరువు భూములలో మామిడి తోటలున్నవి. మన సువర్ణరేఖ మామిడి దూరపు పట్టణముల బజారులకు కూడ పోవుచున్నది. ఈ చెట్ల ఫలము మీదనే ఎందరో బిడ్డలు చదువుకొనిరి, ఎన్నో పెండ్లిండ్లు జరిగినవి. తాత నాటిన చెట్టు కాయలు మనుమడు కోయుచున్నాడు.

పైరుకు, చెట్టుకు భేదమున్నది. ఈ యేడు వరి పోయినయెడల మరుసటి యేడు మరల విత్తుదుము. కాని దేశవాళీ కొబ్బరి మొక్క కాయ కాయుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. అంటు మామిడియైనను మూడు నాలుగేండ్లు ఓపిక పట్టించి, ఆ తరువాత కొద్దికొద్దిగా కాపు నిచ్చును. కాబట్టి ఒకని చెట్టుకు కీడు చేయుట అనగా అతని కాలమునకు కీడు చేయుటయే. డబ్బు తిరిగి ఈయవచ్చును, గడచిన ఏండ్లను ఈయలేము.

ఇప్పుడు మన పొలములలో కలుపు మందు వాడుక విస్తారమైనది. అందుకు మనము ఎవరిని నిందించుట లేదు. మన పల్లెల యువకులు పని వెదకుకొనుచు విశాఖపట్నమునకు, హైదరాబాదునకు, చెన్నైకి వలసపోయిరి. కలుపు తీయుటకు మనుషులు దొరకుట లేదు. దొరికినను కూలి పెట్టుకొనుటకు చిన్న రైతుకు చేత కావడము లేదు. వీపున స్ప్రేయరు తగిలించుకొని ఒక్క మనిషి ఒక్క పూటలో గట్టంతయు కొట్టగలుగుచున్నాడు. అతడు తన చేను బాగు చేసికొనవలెననియే బయలుదేరుచున్నాడు గాని ఎవరికిని కీడు చేయవలెనని కాదు.

అయినను కీడు జరుగుచున్నది. ఒకడు తన గట్టు మీద గడ్డికి మందు కొట్టుచుండగా గాలి తిరిగి, ఆ తుంపరలు పొరుగువాని మామిడి కొమ్మల మీద పడును. వరిలో వెడల్పాకు కలుపునకు కొట్టు 2,4-డి మందులో ఎస్టరు రకము, ఎండ వేడికి ఆవిరియై, కొట్టినవాని కంటికి కనబడకుండనే ప్రక్క తోటలోనికి పోవును. మరియొకడు కలుపు మందు కొట్టిన స్ప్రేయరునే సరిగా కడుగకుండ, మరునాడు దానితోనే మామిడి పూతకు పురుగు మందు కొట్టును. తొట్టి అడుగున మిగిలిన కొంచెమే పూతను, చివుళ్లను మాడ్చివేయును. ఇటువంటివి మన యెరుకలో జరుగుచునే యున్నవి.

అప్పుడు మన ముందర నిలుచు ప్రశ్న యిది. తెలియక చేసిన కీడునకు మనము ఉత్తరవాదులమా? ఉద్దేశము లేనప్పుడు దోషమున్నదా? ఎవరును చూడనప్పుడు నోరు విప్పి చెప్పవలెనా?

తుపాను వేరు, మన చేయి వేరు

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి చెట్లు వేళ్లతో లేచిపోయినవి, జీడి తోటలు నేలకొరిగినవి. ఆ ప్రజలు ఏడ్చిరి, ప్రార్థించిరి, మరల మొక్కలు నాటుకొనిరి. గాలి వద్దకు పోయి లెక్క అడుగగలవారు లేరు. తుపాను పొరుగువానిని పొరుగువానికి శత్రువుగా చేయదు. ఒకే పాకలో ఇద్దరిని కూర్చుండబెట్టును.

కాని కలుపు మందు పడి చెట్టు ఎండినప్పుడు దాని వెనుక ఒక చేయి యున్నది. ఆ చేతికి మనస్సున్నది. మనము వాడు మాట ఒక్కటే: రెంటిని "పొరపాటున జరిగినది" అందుము. కాని తుపానును ఎవరును ఒప్పుకొననక్కరలేదు. చేయి చేసినదానిని ఆ చేయి గలవాడే ఒప్పుకొనవలెను. అతడు తప్ప దానిని ఒప్పుకొనగలవాడు లోకములో మరియొకడు లేడు.

లేఖనము రెండు ప్రక్కల పట్టుకొనుచున్నది

పరిశుద్ధ గ్రంథము ఈ విషయమును గూర్చి మౌనముగా లేదు. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో కట్టెలు కొట్టుటకు అడవికి పోయినవాని సంగతి యున్నది. అతని గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగిలి అతడు చనిపోయెను. వారిద్దరి మధ్య పగ లేదు. అట్టివాడు పారిపోయి బ్రదుకుటకు దేవుడు ఆశ్రయపురములను ఏర్పరచెను. కాబట్టి దేవుడు ఉద్దేశమును చూచువాడు. పగతో చేసినవానిని, పొరపాటున చేసినవానిని ఆయన ఒక్క త్రాసులో తూచడు.

అయితే నిర్గమకాండము 22వ అధ్యాయమును కూడ చూడుడి. ఒకడు తన పొలములో నిప్పు పెట్టెను. అది ముండ్ల కంపకు అంటుకొని, అక్కడనుండి పొరుగువాని పనల కుప్పకు, నిలువు పైరునకు పాకెను. పొరుగువాని పైరును కాల్చవలెనని అతడు తలంచలేదు. అయినను నిప్పు ముట్టించినవాడే ఆ నష్టమును పూర్తిగా తీర్చవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. మన కలుపు మందు సంగతికి ఇంతకంటె దగ్గర పోలిక మరియొకటి లేదు. ఆనాడు ముండ్లను కాల్చిన నిప్పు గట్టు దాటెను. నేడు గడ్డిని కాల్చు మందు గట్టు దాటుచున్నది.

ఈ రెండు వాక్యములను కలిపి చదివినప్పుడు మనకు తెలియున దేమనగా: ఉద్దేశము లేనప్పుడు మన మీద దోషము పడదు గాని ఋణము పడును. పగవాడు నేరస్థుడు, పొరపాటు చేసినవాడు ఋణస్థుడు. ఋణస్థుడగుట సిగ్గు కాదు. మనలో ఋణము లేనివాడెవడు? కాని ఋణమును ఎరిగి యుండి దాచిపెట్టినవాడు ఆ క్షణముననే మరియొక వరుసలోనికి పోవును. ప్రమాదము దోషము కాదు. ప్రమాదము తరువాతి మౌనము దోషము.

మూడవ సంగతి యొకటి 21వ అధ్యాయములోనున్నది. ఎద్దు మొదటిసారి ఒకనిని పొడిచి చంపినయెడల యజమానుడు నిర్దోషి. కాని ఆ ఎద్దు పొడుచునదని మునుపే అతనికి తెలియజేయబడియు దానిని కట్టివేయకపోయినయెడల లెక్క మారిపోవును. కలుపు మందు గాలికి పోవునని, దానికి వేరే స్ప్రేయరు ఉంచుకొనవలెనని మనకు ఒకసారి తెలిసిన తరువాత, రెండవసారి జరిగినదానిని ప్రమాదమని పిలుచుట కష్టము.

ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో దేవుడు యుద్ధములో సహితము ఫలవృక్షములను నరకకూడదని ఆజ్ఞాపించెను. శత్రువు పట్టణమును ముట్టడించుచున్నప్పుడే చెట్టును విడిచిపెట్టుమన్నాడు. మన కాలపు రాజ్యములు ఆ మాటను లక్ష్యపెట్టలేదు. 1962 మొదలుకొని 1971 వరకు వియత్నాములో అమెరికా విమానములు అడవుల మీదను పైరుల మీదను కలుపు మందులను కురిపించెను. ఆ మందులలో 2,4-డి కూడ ఒకటి. వారు తెలిసి చేసిరి. మన రైతు తెలియక చేయుచున్నాడు. ఈ రెంటికి మధ్య ఆకాశమంత దూరమున్నది. అయినను ఆకునకు మన ఉద్దేశము తెలియదు. ఎవరు ఏ మనస్సుతో కొట్టినను మందు తన పని తాను చేసికొనిపోవును. కాబట్టియే మంచి మనస్సు ఒక్కటే చాలదు. ఆ మనస్సు నోటిలోనికి, చేతిలోనికి రావలెను.

చెప్పుటకు ఒక గడియ యున్నది

ఇక్కడ ఒక్క విషయమును శ్రద్ధగా ఆలోచించుడి. మందు పడిన దినమున చెట్టు పచ్చగానే యుండును. గ్లైఫోసేట్ వంటి మందు ఆకులలోనుండి, లేత పచ్చని బెరడులోనుండి లోపలికి దిగి, రసముతో కూడ వేళ్ల వరకు ప్రయాణము చేయును. ఆకులు పసుపుబారుట చూచుటకు ఒకటి రెండు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పట్టును. తరువాత వచ్చు చివుళ్లు సన్నగా, గుత్తులుగా వచ్చును. 2,4-డి పడినయెడల లేత ఆకులు మెలి తిరిగి ముడుచుకొనును. చెట్టు యజమానుడు దీనిని చూచి తెగులనుకొని మరియొక మందు తెచ్చి కొట్టును. పాపము, అతనికి తెలియదు.

ఎవరికి తెలియును? మందు కొట్టినవానికి మాత్రమే తెలియును. మొదటి దినమున, మొదటి గంటలలో, చెట్టును రక్షింపగల జ్ఞానము అతని యొద్దనే యున్నది. ఆకుల మీద పడిన మందు లోపలికి దిగకముందే మంచి నీటితో కడిగినయెడల కొంత పోవును. క్రింది కొమ్మలు, పిలకలు మాత్రమే తడిసియుంటే వాటిని వెంటనే కోసివేసి మిగిలిన చెట్టును కాపాడుకొనవచ్చును. మరునాటికి ఆ అవకాశము చాల వరకు తగ్గిపోవును. వారము తరువాత ఎంత కన్నీటితో ఒప్పుకొన్నను ఆ గంటలు తిరిగి రావు.

మరియు ఏ మందు పడినదో చెప్పవలెను. పేరాక్వాట్ వంటిది తగిలిన చోటనే మాడ్చును. ముదురు చెట్టు చాల వరకు మరల చిగిర్చును. గ్లైఫోసేట్ నేలలోని మట్టికి గట్టిగా అంటుకొనును గనుక మట్టి మీద పడినదానికంటె ఆకు మీద పడినదే భయము. డైయూరాన్, అట్రజిన్ వంటివి నేలలో నిలిచి వేళ్ల గుండ పైకి పోవును. అప్పుడు పై మట్టిని తీసివేయవలసి వచ్చును. ఒక దానికి చేయు ఉపకారము మరియొక దానికి పనికిరాదు. కాబట్టి డబ్బా చేత పట్టుకొని పోయి, "అన్నా, ఈ మందు పొద్దున్న నీ చెట్టు మీద పడింది" అని చెప్పువాడే నిజముగా ఒప్పుకొన్నవాడు. సగము ఒప్పుకోలు చెట్టును బ్రదికించదు.

మన ఆత్మీయ జీవితములో ఒప్పుకోలును మన మనశ్శాంతి కొరకైన కార్యముగా మాత్రమే తలంచుచున్నాము. ఇక్కడ దేవుడు మనకు మరియొక పాఠము నేర్పుచున్నాడు. ఒప్పుకోలు నష్టపోయినవానికి ఔషధము. దానిని మన దగ్గర దాచుకొనుట అనగా రోగి మందును మన ఇంటిలో తాళము వేసి ఉంచుకొనుట.

మనస్సు చెప్పు సాకులు

మొదటి సాకు: "చెట్టు ఏమియు కాకుండ బ్రదుకవచ్చును గదా, ఊరకనే గొడవ యెందుకు?" అది బ్రదుకవచ్చును. అయినను పొరుగువాని చెట్టును పణముగా పెట్టి మనము ఆ జూదము ఆడుటకు మనకు హక్కెక్కడిది?

రెండవ సాకు: "చెప్పినయెడల గట్టు తగవు లేచును." నిజమే, మన పల్లెలలో గట్టు తగవులు తరములు నడచుచున్నవి. కాని తరువాత నిజము తెలిసినప్పుడు లేచు తగవు ఇంతకంటె పెద్దది. అప్పుడు అతడు చెట్టు పోయినందుకు కాదు, మోసపోయినందుకు కోపపడును. చెట్టు మరల నాటవచ్చును. నమ్మకము నాటుట అంత సులభము కాదు.

మూడవ సాకు మెల్లగా వచ్చును, భక్తి వేషములో వచ్చును: "మనము సంఘస్థులము, ఈ సంగతి బయటపడినయెడల మన సంఘమునకు అపకీర్తి." సహోదరులారా, సంఘమునకు అపకీర్తి పొరపాటు వలన రాదు. గుడిలో ముందు వరుసను కూర్చుండి, పొరుగువాని చెట్టు ఎండుచుండగా తెలియనట్లు నడచిపోవుట వలన వచ్చును. అర్పణమును బలిపీఠము నొద్ద విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమని మన ప్రభువు మత్తయి సువార్త 5వ అధ్యాయములో చెప్పెను. ఆ పొరుగువాడు మన మతస్థుడా కాడా అని ప్రభువు అడుగలేదు.

కూలివానిని గూర్చి కూడ ఒక్క మాట చెప్పవలెను. చాల చోట్ల మందు కొట్టినది కంబారియో, దినకూలియో అయియుండును. అతడు చెప్పినయెడల కూలి పోవునని, తిట్లు పడునని భయపడి దాచును. ఆ మౌనములో యజమానుని పాలు ఎక్కువ. గాలి వీచుచుండగా పంపినదెవరు? వేరు స్ప్రేయరు కొని ఈయనిదెవరు? నిజము చెప్పినవానికి కూలి కోసివేయు ఇంటిలో నిజము పుట్టదు. ఒప్పుకొనుటకు భయపడనక్కరలేని ఇండ్లను మనము కట్టుకొనవలెను.

నష్టపోయినవాని పని

ఇంతవరకు చేసినవానిని గూర్చి చెప్పితిమి. నష్టపోయినవానికి కూడ ప్రభువు ఒక మాట చెప్పుచున్నాడు. లూకా సువార్త 13వ అధ్యాయములో మూడేండ్లు ఫలింపని అంజూరపు చెట్టును యజమానుడు నరికివేయుమనెను. తోటమాలి ఇంకొక సంవత్సరము గడువు అడిగి, దాని చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనని బ్రతిమాలెను. ఆ చెట్టు ప్రభువు వెదకిన మారుమనస్సు ఫలమునకు గుర్తు. ఆ సంగతి మరువక, ఆ తోటమాలి ఓపికను మన తోటలోనికి కూడ తెచ్చుకొందము.

మందు పడిన చెట్టుకు కూడ ఆ యేడాది గడువే కావలెను. ఆకులు రాలగానే కోపముతో గొడ్డలి తీయకూడదు. నష్టమును రుజువు చేయుటకై ఎండనిచ్చి చూపకూడదు. మొదట తడిసిన పిలకలను కోసిన తరువాత మరి పెద్ద కొమ్మలను తొందరపడి నరకవద్దు. ఏది చచ్చినది, ఏది బ్రదికినది ఒక కాలము గడచిన తరువాత గాని తేలదు. నీరు తగుమాత్రముగా పెట్టవలెను, నిలువ చేయకూడదు. మొదట యూరియా వంటి ఘాటైన ఎరువులు వేసి నీరసపడిన చెట్టును తొందరపెట్టవద్దు. వేళ్లు తెగకుండ పైపైన మాత్రము గొప్పు త్రవ్వి, బాగుగా మాగిన పశువుల గత్తము వేసి, మొదట ఎండుటాకులు కప్పవలెను. మాగిన గత్తములోని సూక్ష్మజీవులు నేలలో మిగిలిన మందును మెల్లమెల్లగా విరుగగొట్టును. ఆ కాపు కాయలను వ్యవసాయాధికారిని అడుగకుండ తినవద్దు, అమ్మవద్దు. మామిడికి కొమ్మకొమ్మకు చిగురున్నది గనుక ఆశ యెక్కువ. కొబ్బరికి మొవ్వు ఒక్కటే గనుక ఆ మొవ్వును చూచుచుండవలెను.

మనుష్యుని విషయములో కూడ ఇట్లే. ఒప్పుకొనుటకు వచ్చినవానిని పదిమందిలో తిట్టి పంపినయెడల, ఆ దినమున విన్న పదిమందియు ఇకమీదట నోరు విప్పరు. గోధుమలలో గురుగులు మొలచినప్పుడు, వాటిని పెరికెదమన్న దాసులను యజమానుడు ఆపెను. గురుగులతో కూడ గోధుమలు పోవునని ఆయన భయము. తప్పును పెరికివేయవలెనను మన తొందర కూడ ఒక కలుపు మందు వంటిదే. అది గట్టు దాటి మంచి చెట్టు మీద పడకుండ చూచుకొనవలెను.

ఏమి చెల్లింపగలము?

సంఖ్యాకాండము 5వ అధ్యాయములో ఒకనికి నష్టము చేసినవాడు దానిని ఒప్పుకొని, మొత్తము చెల్లించి, దానిమీద అయిదవ వంతు కలిపి ఈయవలెనని యున్నది. ఆ అయిదవ వంతు ఎందుకు? పోయిన వస్తువునకు వెల కట్టవచ్చును. దానిని గూర్చి పడిన బెంగకు వెల కట్టలేము. అందుకే వెలకు మించి ఈయుమని దేవుడు నేర్పెను.

మన చిన్న రైతు యొద్ద డబ్బు లేకపోవచ్చును. అయినను చేతులున్నవి. కడుగుటకు నీరు మోయవచ్చును. ఆ యేడంతయు ఆ చెట్టుకు తానే గత్తము వేయవచ్చును. తన చెట్టు కాయలలో పాలు పొరుగింటికి పంపవచ్చును. చెట్టు చచ్చినయెడల మంచి మొక్క తెచ్చి నాటి, అది కాపునకు వచ్చువరకు తన మొక్క వలె చూడవచ్చును. అతనికి శక్తి చాలనప్పుడు సంఘము చేయి కలుపవలెను. ఒనేసిము బాకీ తన లెక్కలో వేయుమని పౌలు ఫిలేమోనునకు వ్రాసెను. అట్లు ఒకని బాకీని మరియొకరు ఎత్తుకొనుటయే సువార్త యొక్క మూలము.

ముందు జాగ్రత్త కూడ ప్రేమలో భాగమే. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము గ్లైఫోసేట్ మందును పురుగు నివారణ పనివారి ద్వారా మాత్రమే వాడవలెనని ప్రకటన వెలువరించినది. చట్టము చెప్పినది అట్లుండగా, చట్టము చూడని చోట మన మనస్సాక్షి చూడవలెను. గాలి వీచునప్పుడు కొట్టకుందము. కలుపు మందునకు వేరే స్ప్రేయరు ఉంచుకొని, దానికి రంగు గుర్తు పెట్టుదము. చెట్ల మొదళ్ల దగ్గర కొడవలినే వాడుదము. కొట్టుటకు ముందు పొరుగువానికి ఒక మాట చెప్పుదము. అన్నిటికంటె ముఖ్యముగా, పొరపాటు జరిగినయెడల ఆ సాయంకాలము ప్రొద్దు గ్రుంకకముందే పోయి చెప్పుదము. ఇంటిలో పిల్లలు చూచుచుండగా పోయి చెప్పుదము. వారు దానిని మరువరు.

ప్రార్థన: మా తోటమాలివైన ప్రభువా, మేము తెలియక చేసిన కీడును తెలిసిన వెంటనే ఒప్పుకొను ధైర్యమును మాకిమ్ము. మా యొద్దకు ఒప్పుకొనుటకు వచ్చువారిని నీవు మమ్మును చేర్చుకొనినట్లు చేర్చుకొను మనస్సు నిమ్ము. మా చేతుల వలన వాడిన చెట్లను, మా మాటల వలన వాడిన హృదయములను మరల చిగిర్పజేయుము. ఆమేన్.